సీమాస్టరా, గ్రాండ్ సీకోనా?

తమ్ముడూ, ఒకే బడ్జెట్‌లో ఒమేగా సీమాస్టర్ వాచీ కొనాలా, గ్రాండ్ సీకో వాచీ కొనాలా అని అడిగావు. ఈ శనివారం బెంగళూరులోనే షోరూంకి వెళ్లి రెండూ చేతికి పెట్టుకో. గ్రాండ్ సీకో ముళ్ల అంచుల్ని వెలుగులో తిప్పి చూడు. ఆ పాలిష్, ఆ డయల్ ఈ ధరలో ఇంకెక్కడా నాకు కనపడలేదు. అందులో స్ప్రింగ్ శక్తితో నడిచే స్ప్రింగ్ డ్రైవ్ రకం అయితే నెలకు 15 సెకన్ల తేడా లోపే. కాకపోతే దాని వేగాన్ని అదుపు చేసేది క్వార్ట్జ్ స్ఫటికం. పూర్తి మెకానికలే కావాలంటే గ్రాండ్ సీకోలోనే హై-బీట్ అనే రకం అడుగు.

మాస్టర్ క్రోనోమీటర్ అనే పరీక్ష పాసైన సీమాస్టర్ 15,000 గాస్ (అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే ప్రమాణం) అయస్కాంత శక్తిని తట్టుకుంటుంది. రోజంతా ల్యాప్‌టాప్, స్పీకర్ల మధ్య ఉంటానన్నావు కాబట్టి నీకైతే నా ఓటు దానికే. సర్వీసుకి ఎన్నాళ్లు పడుతుందో ముందే అడుగు. నా వాచీ ఒకటి ఐదు నెలలు తిరిగి రాలేదు, చాలా టెన్షన్ పడ్డాను.