సర్వే పనిలో చేరుతున్న అమ్మాయికి టోపీ ఎంపిక గురించి పెదనాన్న లేఖ

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీర్వదించి రాయునది. పాడేరు ఏజెన్సీలో గ్రామ సర్వేయరుగా చేరబోతున్నావనీ, ఎండకూ వానకూ చలికీ పనికివచ్చే టోపీ ఒకటి కొనుక్కోవాలనుకుంటున్నావనీ, ఏది తీసుకుంటే ఎక్కువ కాలం మన్నుతుందో చెప్పమనీ రాశావు. కొత్తగా ఈ పనిలో చేరేవారు బూట్ల గురించీ సంచి గురించీ అడుగుతారు కానీ, టోపీ గురించి అడగడం అరుదు. రోజులో అత్యధిక భాగం గట్ల మీదా మిట్టల మీదా నిలబడి చేసే ఉద్యోగంలో కళ్ళూ మెడా చెవులూ పదికాలాలపాటు బాగుండాలంటే టోపీని ఒక పనిముట్టుగానే చూడాలన్నది నా అభిప్రాయం. అందుకే కొంచెం విపులంగా రాస్తున్నాను.

ముందు నువ్వు వెళ్తున్న చోటు సంగతి. పాడేరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది. గాలి చల్లగా తగులుతుంది కాబట్టి అక్కడ ఎండ తక్కువని చాలామంది పొరబడతారు. నిజానికి ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకు అతినీలలోహిత కిరణాల తీవ్రత సుమారు 10 శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పలుచని మబ్బు ఉన్నంత మాత్రాన ఆ కిరణాలు ఆగవు. పల్నాటి ఎండలో మాడు కాలుతున్నట్టు వెంటనే తెలిసిపోతుంది, మనిషి తనంతట తానే నీడకు చేరతాడు. కొండమీది ఎండ అలా హెచ్చరించదు, సాయంత్రం ఇంటికి వచ్చాక ముక్కు మీదా మెడ వెనకా చర్మం కమిలి ఉన్నప్పుడే తెలుస్తుంది. జూన్ నుంచి అక్టోబరు వరకు ఏ గంటకైనా వాన పడవచ్చు. ఆపైన శీతకాలంలో తెల్లవారుజామున మంచు కురిసి, బట్టలు తడిసినంత పనవుతుంది.

ఇన్ని కాలాలకు ఒకే టోపీ అంటే, మందమైన గుడ్డతో చేసినది మన్నుతుందని అనుకోవడం సహజం. అది సరికాదు. టోపీ సాధారణంగా గుడ్డ చిరిగి పాడవదు. తడిసి సరిగా ఆరక, కుట్లు కుళ్ళి, అంచు వాలిపోయి, లోపలి పట్టీ ఉప్పు పట్టి బిరుసెక్కి పాడవుతుంది. తడిసినా ఆకారం కోల్పోకుండా, త్వరగా ఆరే టోపీయే మన్నికైనది. కొనేటప్పుడు ఈ ఒక్క విషయాన్ని పట్టుకుని మిగతావన్నీ తూకం వెయ్యి.

అంచుతో మొదలుపెడతాను, ఎందుకంటే దుకాణంలో అందరూ పొరబడేది అక్కడే. క్రికెట్ ఆటగాళ్ళు పెట్టుకునే ముందుకు రేకున్న టోపీ నీకు పనికిరాదు. అది నుదుటికి నీడనిస్తుంది తప్ప చెవులనూ మెడనూ పూర్తిగా ఎండకు వదిలేస్తుంది. పైగా చౌక రకాల్లో ఆ రేకు లోపల అట్ట పెడతారు, రెండు వానలకు అది నాని విరుగుతుంది. చుట్టూ అంచున్న టోపీయే కావాలి. చర్మ క్యాన్సర్ ఎక్కువగా ఉన్న ఆస్ట్రేలియాలో అక్కడి క్యాన్సర్ కౌన్సిల్ పెద్దలకు కనీసం 7.5 సెంటీమీటర్ల అంచు ఉండాలని సిఫారసు చేస్తుంది. నువ్వు ఏడున్నర నుంచి ఎనిమిది మధ్య ఉన్నది చూసుకో. అంతకన్నా వెడల్పయితే కొండగాలికి ఎగురుతుంది, వీపున సంచి తగిలించుకున్నప్పుడు వెనక అంచు సంచికి తగిలి టోపీ కళ్ళ మీదికి జారుతుంది. అంచు పళ్ళెంలా బల్లపరుపుగా కాక కొద్దిగా కిందికి వాలి ఉండాలి. అలా ఉంటే వాన నీరు మెడలోకి దిగకుండా బయటికి జారిపోతుంది.

మన పనికి మాత్రమే సంబంధించిన చిక్కు ఒకటుంది, దుకాణదారు దానిని చెప్పలేడు. కోణాలనూ దూరాలనూ కొలిచే టోటల్ స్టేషన్ పరికరపు కంటిగొట్టంలోంచి చూసేటప్పుడు గట్టి అంచు పరికరానికి తగులుతుంది. ఆ చిన్న తాకిడికి లెవెల్ బుడగ కదిలితే మళ్ళీ సరిచేసుకోవాలి. కదిలినట్టు గమనించకపోతే ఆ రీడింగే తప్పవుతుంది. అందువల్ల లోపల ప్లాస్టిక్ బద్దో తీగో పెట్టిన అంచు వద్దు. ముందుభాగాన్ని చేత్తో పైకి మడిస్తే మడత నిలిచి, వదిలితే మళ్ళీ సర్దుకునే అంచు కావాలి. వరుస వరుసలుగా దగ్గర దగ్గరగా కుట్టు వేసిన గుడ్డ అంచుకు ఈ గుణం ఉంటుంది. అంచును పక్కకు తగిలించుకోవడానికి ఈమధ్య కొన్ని టోపీలకు అయస్కాంతపు గుండీలు పెడుతున్నారు, వాటిని తీసుకోకు. ప్రిస్మాటిక్ కంపాస్ కంటి దగ్గర పెట్టుకుని చూసినప్పుడు ఆ గుండీ ముల్లును పక్కకు లాగుతుంది. మామూలు టిచ్‌బటన్లయినా ఇనుపవి కాక ఇత్తడివి ఉన్నవే ఎంచుకో.

అంచు అడుగుభాగం రంగు కూడా చూడాలి. పైభాగం లేతగా ఉంటే వేడిని తిప్పికొడుతుంది, కానీ అడుగు కూడా లేతగా ఉంటే నేల మీదినుంచీ దమ్ము చేసిన మడిలోని నీటి మీదినుంచీ పైకి లేచిన వెలుతురు ఆ అంచుకు తగిలి తిరిగి నీ ముఖం మీదే పడుతుంది. ముదురు ఆకుపచ్చో నలుపో ఉన్న అడుగు ఆ వెలుతురును మింగేస్తుంది. మిట్టమధ్యాహ్నం రోవరు (ఉపగ్రహ సంకేతాలతో స్థానం చూపే సర్వే పరికరం) తెరమీద అంకెలు చదవాల్సి వచ్చినప్పుడు ఈ తేడా ఎంతటిదో నీకే తెలుస్తుంది.

ఇక గుడ్డ. నూటికి నూరుపాళ్ళు నూలు కాన్వాస్ తలకు హాయిగా ఉంటుంది, చెమటను పీల్చుకుంటుంది. పొడి వేసవిలో దానిని నీళ్ళలో ముంచి పిండి పెట్టుకుంటే ఆ తడి ఆవిరవుతున్నంతసేపూ తల చల్లగా ఉంటుంది. కానీ శ్రావణ మాసంలో అదే గుడ్డ పొద్దున తడిస్తే రాత్రికి కూడా ఆరదు, మూడో రోజుకు బూజు వాసన వేస్తుంది. పూర్తి నైలాను టోపీ అరగంటలో ఆరుతుంది. అయితే నిప్పురవ్వ పడితే రంధ్రం పడుతుంది, వేసవిలో తల ఉడికిపోతుంది. కాబట్టి నూలూ పాలియెస్టరూ కలిపి నేసిన గుడ్డ నీకు తగినది. దానిని వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడు. సూది మొనంత చుక్కలుగా వెలుతురు కనబడుతోందంటే ఎండ కూడా అలాగే దిగుతుంది. చీటీ మీద యూపీఎఫ్ 50 అని ఉంటే ఆ గుడ్డ గుండా కిరణాల్లో యాభయ్యో వంతు, అంటే 2 శాతం మాత్రమే లోపలికి వస్తాయని అర్థం. గుడ్డ అరిగిన కొద్దీ ఆ రక్షణ తగ్గుతుంది. పక్కల పెద్ద వల గుడ్డ పెట్టిన రకాలు గాలి బాగా ఆడేలా కనిపిస్తాయి కానీ, వాటిలోంచి ఎండా వానా రెండూ దూరుతాయి. ఒక్కో పక్క రెండేసి చిన్న రంధ్రాలు చాలు, వాటికి బిగించిన వలయాలు ఇత్తడివై ఉండాలి. ఇనుప వలయం చెమటకు తుప్పు పడుతుంది, ఆ తుప్పు చుట్టూ గుడ్డను తినేస్తుంది.

కుట్టును పరిశీలించకుండా మాత్రం డబ్బు ఇవ్వవద్దు. టోపీని పూర్తిగా తిరగేసి, పైభాగం ముక్కలు ఎక్కడెక్కడ కలిశాయో చూడు. ఆ కలయికల మీద పట్టీ వేసి రెండు వరుసల కుట్టు వేసి ఉంటే మంచి పనివాడి చేతిలోంచి వచ్చినట్టు లెక్క. గుడ్డ పోగులు బయటికి వేలాడుతుంటే ఆరు నెలల్లో అక్కడే విచ్చుకుంటుంది. అంచూ పైభాగమూ కలిసే చోట రెండు బొటనవేళ్ళు పెట్టి ఎడంగా లాగితే కుట్టు సందులు తెరుచుకోకూడదు. దారం పాలియెస్టరుదైతే తడికి కుళ్ళదు. నూలు దారమైతే గుడ్డ కొత్తగా ఉండగానే కుట్టు ఊడుతుంది. అంచు చివర చుట్టూ గోటు కుట్టి ఉందో లేదో చూడు, చేతులు తగిలీ ముళ్ళకంపలు గీసుకునీ ముందుగా అరిగేది అదే. ఇవన్నీ చూస్తుంటే దుకాణంలోవారు విసుక్కుంటే విసుక్కోనీ, నువ్వు మొహమాటపడవద్దు.

మెల్‌బోర్న్‌లో ఉన్న మీ అన్నయ్య అక్కడి అకూబ్రా టోపీ పంపుతానన్నాడని రాశావు. కుందేలు బొచ్చును అదిమి చేసే ఆ ఫెల్ట్ టోపీలు నిజంగా గొప్పవి. ఆస్ట్రేలియా పొడి మైదానాల్లో పశువుల కాపరులు ఏళ్ళ తరబడి వాటినే వాడతారు, చిన్న జల్లు వాటిమీదినుంచి జారిపోతుంది. కానీ నెలల తరబడి ఆరని తడి ఉన్న చోట ఫెల్టుకు బూజు పడుతుంది, పెట్టెలో పెడితే పురుగు కొడుతుంది, పొయ్యి దగ్గర ఆరబెడితే లోపలి తోలు పట్టీ ముడుచుకుపోయి టోపీ తలకు పట్టదు. వాడి ప్రేమను కాదనవద్దు. వేసవి సెలవుల్లో ఊరికి వచ్చినప్పుడు పెట్టుకుందువుగాని. తోలు టోపీ సంగతి అసలు ఆలోచించకు, మన వాతావరణంలో అది బరువు, ఉక్క.

కొలత నువ్వే తీసుకో. కనుబొమల పైన ఒక వేలు ఎడంగా, చెవులకు కాస్త పైగా, వెనక తల ఎత్తుగా ఉన్న చోటు మీదుగా టేపు చుట్టి చూడు. జడ వేసుకున్నాకనే కొలవాలి. నీకు జుట్టు ఒత్తు. ముడి పైకి వేసుకుంటే ఏ టోపీ అయినా ముందుకు ఒరుగుతుంది కాబట్టి పొలానికి వెళ్ళే రోజుల్లో జడ మెడ దగ్గరగా కిందికి అల్లుకో. నూలు కలిసిన గుడ్డ మొదటి ఉతుకులో ముడుచుకుంటుంది. 58 సెంటీమీటర్ల టోపీ 3 శాతం ముడుచుకుంటే దాదాపు పావు తక్కువ రెండు సెంటీమీటర్లు తగ్గుతుంది; అంటే ఒక సైజు తేడా. ముందే ఉతికి ముడిపించిన గుడ్డ అని చీటీ మీద లేకపోతే ఒక సైజు పెద్దది తీసుకో. నుదుటికీ పట్టీకీ మధ్య ఒక వేలు ఇమిడితే సరైన బిగువు. అందరికీ సరిపోతుందని చెప్పి వెనక ఎలాస్టిక్ పెట్టి అమ్మేవి నెలల్లో సాగిపోతాయి. గడ్డం కింద తాడు తప్పనిసరి. అయితే కొమ్మకు చిక్కుకున్నప్పుడు మెడకు ఉరి పడకుండా, గట్టిగా లాగితే ఊడివచ్చే క్లిప్పు దానికి ఉండాలి.

రంగు విషయంలో ఒక మాట గట్టిగా చెబుతున్నాను. సైనికుల దుస్తుల్లాంటి మచ్చల గుడ్డ టోపీ ఎంత మన్నికైనదైనా కొనవద్దు. భద్రతా దళాలు తిరిగిన అడవుల్లో, దూరంనుంచి చూసినవారికి నువ్వు ఎవరివో తప్పుగా అర్థం కాకూడదు. ఊళ్ళోవారికి కూడా నువ్వు భూమి కొలవడానికి వచ్చిన అమ్మాయివని చూడగానే తెలియాలి. పైభాగానికి నలుపూ ముదురు గోధుమా కూడా వద్దు, కొండ తేనెటీగలు ముదురు రంగుల మీదికి త్వరగా వస్తాయి. లేత ఖాకీయో బూడిద రంగో మేలు.

జడివానకు ఏ టోపీ సరిపోదు. అది మీదికి రాగానే వానకోటు తొడుక్కుని, దాని ముసుగును టోపీ మీదుగా కప్పుకో. టోపీ అంచు ముసుగును ముఖం మీద పడకుండా నిలబెడుతుంది. నాట్లు వేసే ఆడవాళ్ళు వెదురు బద్దలూ ఆకులూ అల్లిన గిడుగు తలమీదినుంచి నడుము దాకా వేసుకోవడం నువ్వు అక్కడ చూస్తావు. వంగి పనిచేసే మనిషికి వీపంతా కప్పుతూ రెండు చేతులూ ఖాళీగా ఉంచే ఏర్పాటు అంతకన్నా మంచిది నేను చూడలేదు. నువ్వు వంగి హద్దురాయి మీది గుర్తు చూసేటప్పుడు నీ వీపు తడుస్తుందన్న సంగతి దానిని చూసి గ్రహించి, వానకోటు పొడుగైనది కొనుక్కో. చలికాలానికి వేరే టోపీ అక్కరలేదు, పలుచని ఉన్ని గుడ్డతో చెవులు కప్పుకుని దానిమీద ఇదే పెట్టుకోవచ్చు. కొలిచేటప్పుడు ఆ మందం కూడా లెక్కలో ఉంచుకో.

వారానికొకసారి కుంకుడుకాయ రసంతోనో మెత్తని సబ్బుతోనో చేత్తో ఉతుకు. లోపలి పట్టీని ముఖ్యంగా రుద్దాలి, చెమట ఉప్పూ తలనూనే చేరేది అక్కడే. మిషన్లో వేస్తే అంచు మెలిపడుతుంది. ఉతికాక నీడలో, బోర్లించిన చిన్న బిందె మీద పెట్టి ఆరబెడితే ఆకారం చెడదు. మేకుకు తగిలిస్తే అక్కడ ముక్కులా సాగుతుంది. ముసురు పట్టిన రోజుల్లో తడి టోపీని సంచిలో వదలవద్దు, పొయ్యి మీద వేలాడదీయవద్దు; గాలి ఆడే చోట ఉంచు. వానాకాలంలో మార్చి మార్చి వాడుకోవడానికి ఒకే రకానివి రెండు ఉంటే ఒక్కోదాని ఆయువు రెట్టింపు కన్నా ఎక్కువే అవుతుంది, కాబట్టి ఖరీదైన ఒకదాని బదులు మధ్యరకం ధరలో మంచి కుట్టున్నవి రెండు తీసుకో.

టోపీ ఉంది కదా అని ఎండను తేలిగ్గా తీసుకోకు. 2015 మే నెలలో మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కలిపి వెయ్యిమందికి పైగా వడదెబ్బకు పోయారు. టోపీ కిరణాలను ఆపుతుంది కానీ ఒంట్లో నీటిని నిలపలేదు. బండి మీద వెళ్ళేటప్పుడు టోపీ సంచిలో ఉండాలి, తలమీద హెల్మెట్ ఉండాలి.

జడ వేసుకున్నాక ఒకసారి, ఉన్ని గుడ్డ చుట్టుకున్నాక ఒకసారి కొలిచి రెండు అంకెలూ నాకు రాసి పంపు. వచ్చే వారం విశాఖపట్నం వెళ్ళే పని ఉంది, నీకు వీలు పడకపోతే నేనే చూసి తీసుకుంటాను.

శుభాశీస్సులతో,
పెదనాన్న