మనవికి జవాబు వచ్చింది, ప్రార్థన ఎండిపోయింది

ప్రియ సోదరీ,

పెళ్లయిన తొమ్మిదేళ్లకు, ఎన్నో ఉపవాస ప్రార్థనల తరువాత మీకు పాప పుట్టిందనీ, సంఘంలో కన్నీళ్లతో సాక్ష్యం చెప్పారనీ, ఏడు నెలలు తిరిగేసరికి మోకరించినా దేవునితో చెప్పుకోవడానికి మాట రావడం లేదనీ రాశారు. ఇంతలో మీ భర్త ఉద్యోగం పోయింది. "నీ ప్రార్థనకు జవాబు వస్తుందిగా, ఇదీ అడుగు, ఇవ్వకపోతే ఇక నేను మందిరానికి రాను" అని ఆయన పట్టుబడుతున్నారు. ప్రార్థన మనవులు రాసుకునే నోటుపుస్తకంలో, జవాబు వచ్చిన ప్రతి మనవి పక్కనా ఎర్ర సిరాతో టిక్కు పెట్టారనీ, టిక్కు పెట్టాక ఆ పేజీని మళ్లీ తిప్పి చూసింది లేదనీ మీరు రాసిన వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. "నేను దేవుణ్ణి ప్రేమించానా, వాడుకున్నానా?" అన్న మీ ప్రశ్న ఆ పేజీలోంచే పుట్టిందనిపించింది.

దానికి ముందు ఒక మాట చెప్పాలి. పసిబిడ్డతో రాత్రులు నిద్ర లేని తల్లికి ప్రార్థనలో మనసు నిలవకపోవడం భక్తి చల్లారిందనడానికి గుర్తు కాదు. అయితే రోజులో ఎక్కువ భాగం దిగులుగా ఉండి, దేని మీదా ఆసక్తి లేకుండా రెండు వారాలకు మించి అలాగే సాగుతుంటే అది ప్రసవం తరువాత వచ్చే కుంగుబాటు కావచ్చు. ఆలస్యం చేయకుండా డాక్టరును కలవండి. అది విశ్వాసలోపమని ఎవరు చెప్పినా నమ్మవద్దు.

ఇప్పుడు మీ ప్రశ్నకు వస్తాను. ఇశ్రాయేలీయులు బంగారు దూడను చేసి పూజించిన ఉదంతం తరువాత, నిర్గమకాండము 33వ అధ్యాయంలో, దేవుడు వారితో అన్న మాటలు ఒకసారి నిదానంగా చదవండి. దూతను ముందుగా పంపుతానన్నాడు, అక్కడున్న జనములను వెళ్లగొడతానన్నాడు, పాలు తేనెలు ప్రవహించే దేశానికి వెళ్లమన్నాడు, తాను మాత్రం వారితో రానన్నాడు. ఇస్తానన్న వాటిలో ఒక్కటీ తగ్గలేదు, ఆయన ఒక్కడే తగ్గాడు. అడిగినవన్నీ చేతికి వస్తున్నాయి కాబట్టి చాలనుకునే వీలు వారికుంది. అయినా ఆ ప్రజలు అది దుర్వార్త అనుకొని దుఃఖించారు, ఒక్కరూ ఆభరణాలు ధరించలేదు. నీ సన్నిధి రాకపోతే మమ్మల్ని ఇక్కడి నుంచి తీసుకుపోవద్దని మోషే వేడుకున్నాడు.

మోషే ఆ మాట వాగ్దానదేశంలో అడుగుపెట్టకముందే అన్నాడు, మీరు అడుగుపెట్టాక అంటున్నారు. నాకు కనిపించే తేడా అంతే. ఒడి నిండిన తరువాత కూడా దేవుడు లేని లోటు మీకు తెలుస్తోంది. కేవలం వాడుకున్న మనిషికి ఆ లోటు తెలియదు, పని అయిపోయిందని లేచి వెళ్లిపోతుంది. కాబట్టి మిమ్మల్ని బాధపెడుతున్న ఈ ఖాళీని నేను దేవుని కోపమనుకోవడం లేదు. ఆయన ఇచ్చేవాటి కోసం కాక ఆయన కోసమే మీకు మొదలైన ఆకలి అనుకుంటున్నాను. ఈ చల్లదనం చూసి పాపను వెనక్కి తీసుకుంటాడేమోనన్న భయాన్ని కూడా వదిలిపెట్టండి. శుద్ధులైన పదిమంది కుష్ఠరోగులలో తొమ్మిదిమంది కృతజ్ఞత చెప్పడానికి తిరిగి రాలేదు, అయినా వారి స్వస్థతను ప్రభువు రద్దు చేసినట్టు లేఖనంలో ఎక్కడా లేదు.

అడగడం తప్పు కాదు. ప్రభువు నేర్పిన ప్రార్థనలోనే అనుదినాహారం ఉంది, కాకపోతే తండ్రీ అన్న పిలుపు, ఆయన నామం, రాజ్యం, చిత్తం దానికన్నా ముందున్నాయి. హన్నా కూడా బిడ్డ కోసమే ఏడ్చింది. కానీ ఆమె కీర్తన పాడింది, పాలు మాన్పించిన ఆ బిడ్డను షిలోహు మందిరంలో దేవునికి అప్పగించి వెళ్లేటప్పుడు. ఆ కీర్తనలో ఆ బిడ్డ సమూయేలు పేరు ఒక్కసారి కూడా రాదు, మొదటి మాట నుంచీ యెహోవాయే. బిడ్డను అడుగుతూ అడుగుతూనే ఆమె ఆయనకు దగ్గరయిందని నేను నమ్ముతాను.

మీ భర్త విషయంలో తొందరపడవద్దు. ఉద్యోగం లేని మనిషికి "ఆశీర్వాదాలను కాదు, దేవుణ్ణి కోరుకోండి" అని చెప్పడం, ఆకలితో ఉన్నవాడికి ఉపవాసం గొప్పతనం వివరించినట్టుంటుంది. ప్రభువు కూడా జనసమూహానికి ముందు రొట్టెలు పెట్టాడు, రొట్టెల కోసమే నన్ను వెదకుతున్నారన్న మాట మరునాడు అన్నాడు. అదే సమయంలో మీ భర్త పెట్టిన షరతును మీ నెత్తిన వేసుకోకండి. "మీ ఉద్యోగం కోసం రోజూ ప్రార్థిస్తాను, కానీ జవాబు తెచ్చిపెట్టడం నా చేతిలో లేదు" అని మెల్లగా చెప్పండి. ఆ తొమ్మిదేళ్లూ ఆయన కూడా ఎదురుచూశారు. సంఘంలో సాక్ష్యం చెప్పింది మీరు, ఆయన మనసులో ఏముందో ఎవరైనా అడిగారా? మీరు అడగండి, జవాబు చేదుగా ఉన్నా పూర్తిగా వినండి.

ఆ నోటుపుస్తకాన్ని పారేయవద్దు. పాప కోసం రాసిన పేజీ తెరిచి, టిక్కును వదిలేసి, అది పడకముందు గడిచిన రాత్రులను గుర్తుచేసుకోండి. 23వ కీర్తనలో పచ్చిక, నీళ్లు ఉన్న మొదటి మూడు వచనాల్లో దావీదు దేవుణ్ణి "ఆయన" అంటాడు, గాఢాంధకారపు లోయలోకి దిగగానే "నీవు నాకు తోడై యుందువు" అంటాడు. ఆ తొమ్మిదేళ్లూ మీరు ఆయనతో "నీవు" అనే మాట్లాడారు, ఆ చనువు మీకు కొత్త కాదు. అర్ధరాత్రి పాప పాలకు లేచినప్పుడు మోకరించనవసరం లేదు, బిడ్డను భుజాన వేసుకుని ఆ ఒక్క వచనం నెమ్మదిగా, పైకే చెప్పండి. ఆ కాసేపు ఏమీ అడగకండి. మీ వారి ఉద్యోగం సంగతి పొద్దున్నే, అన్నిటికన్నా ముందు అడగవచ్చు.