అమ్మ స్పృహలో ఉంటే కొడుకు సంతకం సరిపోదు

ప్రశ్న: మాది నరసన్నపేట దగ్గర పల్లె. ఆసనం జారుతోందని, మలం పూర్తిగా రావడం లేదని అమ్మకు విశాఖలోని ఓ ప్రైవేటు ఆసుపత్రిలో ల్యాప్రోస్కోపీ (చిన్న రంధ్రాలతో ఆపరేషన్) చేసి మెష్ (వల లాంటి అతుకు) వేశారు. 1,80,000 అయింది. జారడం ఆగింది, మలబద్ధకం మాత్రం పెరిగింది. గంటసేపు మరుగుదొడ్లో కూర్చుని ఏడుస్తోంది. 22 నెలలైంది. ఫారాల మీద సంతకాలు నేనే పెట్టాను. కాగితాలు మా ఊరి ఆర్ఎంపీ దగ్గరున్నాయి. పోలీసు కేసు పెడితే డబ్బు తిరిగిస్తారంటున్నారు. నిజమేనా?

జవాబు: ఇంత రాశారు గానీ కేసుకు పనికొచ్చేది ఒక్క మాటే, ‘సంతకాలు నేనే పెట్టాను’.

జారిన పురీషనాళాన్ని (పెద్దపేగు చివరి భాగాన్ని) పైకి లాగి మెష్‌తో త్రికాస్థికి, అంటే వెన్ను అడుగున ఉండే ఎముకకు, బిగించినా మలబద్ధకం మిగిలిపోవడం, కొందరికి పెరగడం ఈ ఆపరేషన్‌లో తెలిసిన ఇబ్బందే, కాబట్టి ఆపరేషన్ సరిగా చేయలేదని వాదిస్తే నిలబడటం కష్టం. కానీ ఆ సంగతి ముందే అమ్మకు చెప్పారా? సమీరా కోహ్లీ కేసులో 2008లో సుప్రీంకోర్టు, మత్తులో ఉన్న కూతురి తరఫున తల్లి ఇచ్చిన సమ్మతి చెల్లదంది. మీ అమ్మ స్పృహతో నడిచి వెళ్లి చేరారు, సంతకం ఆవిడదే ఉండాలి.

కాగితాలు ఆర్ఎంపీ దగ్గర వదిలేయడమేంటి బాబూ? రేపే తెచ్చుకోండి. కేస్‌షీట్, సమ్మతి ఫారం, ఆపరేషన్ నోట్స్, మెష్ ప్యాకెట్ స్టిక్కర్ అతికించిన పేజీతో సహా కాపీలు కావాలని అమ్మ పేరుతో ఆసుపత్రికి రిజిస్టర్ పోస్టులో రాయండి. వైద్య మండలి నిబంధన ప్రకారం 72 గంటల్లో ఇవ్వాలి. వాళ్లు రికార్డు భద్రపరచాల్సింది మూడేళ్లే.

పోలీసు కేసు ఆలోచన మానేయండి. డాక్టరుపై క్రిమినల్ కేసుకు తీవ్రమైన నిర్లక్ష్యం ఉండాలని, ముందు మరో డాక్టరు అభిప్రాయం తీసుకోవాలని 2005లోనే జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీరు స్టేషన్ చుట్టూ తిరిగేలోపు వినియోగదారుల చట్టం 69వ సెక్షన్ ఇచ్చిన రెండేళ్ల గడువు దాటిపోతుంది. ఆపరేషన్ రోజు నుంచే లెక్కేసుకోండి, మీకు మిగిలింది రెండు నెలలే. ఆలస్యాన్ని మన్నించమని అడగొచ్చు గానీ దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు. మధ్యవర్తి ఎవరైనా యాభై వేలు ఇప్పించి ‘ఇక ఏ క్లెయిమూ లేదు’ అని రాయించుకుంటానంటే ఒప్పుకోకండి.

విశాఖ వెళ్లక్కర్లేదు, మీరుండేది శ్రీకాకుళం జిల్లాలోనే కాబట్టి అక్కడి జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు. చెల్లించింది ఐదు లక్షల లోపే గనుక ఫీజు లేదు. ఈలోగా మరో సర్జన్‌కు చూపించి, అవసరమన్న పరీక్షలు చేయించి, ఇప్పటి పరిస్థితి రాయించుకోండి. ఫిర్యాదు అమ్మ పేరు మీదే ఉండాలి, చదివి వినిపించి సంతకం ఆవిడ చేతే పెట్టించండి.