పోలీసు రసీదు మీద నీ పెన్ను పెట్టకు

చిన్నా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. మిర్యాలగూడ రోడ్డు మీద చెకింగ్‌లో లైసెన్సు, ఆర్‌సీ చూపించలేకపోయావని బండి స్టేషన్‌లో పెట్టారట. ఇచ్చిన కాగితంలో నంబరు తప్పు పడిందట. "ఒక్క అక్షరమే కదా, నేనే దిద్దుకుంటా" అన్నావట. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు నిద్ర పట్టలేదు. ముప్పై ఏళ్లు నల్లగొండ కోర్టులో వకీళ్ల దగ్గర గుమాస్తాగా చేసినవాణ్ని, చెప్తున్నా విను. ఆ కాగితం మీద పెన్ను పెట్టకు. ఇప్పటిదాకా తప్పు రాసినవాళ్లది. నువ్వు ఒక్క గీత గీసినా అది దిద్దుడు కేసు అవుతుంది, తప్పు నీ మెడకు చుట్టుకుంటుంది.

నువ్వు పంపిన ఫోటో రెండుసార్లు చదివాను. 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు టీజీ వస్తోంది, నీది టీజీ 05. రాసినాయన టీఎస్ 05 అని రాశాడు. పదేళ్లు టీఎస్ రాసిన చేయి, ఎండలో నిలబడి రాసి ఉంటాడు, ఆయన మీద కోపం పెట్టుకోకు. కానీ నువ్వు చూడనిది ఇంకోటుంది. మీ నాన్న పేరు ఉండాల్సిన చోట మీ తాత పేరు ఉంది. నాకు భయం దాని గురించే.

మీ చిన్నాయన ట్రాక్టర్ కేసులో ఇలాగే తండ్రి పేరు తప్పు పడింది. స్టేషన్‌లో అడిగితే "ఏం కాదు, మేం చూసుకుంటాం" అన్నారు. ఆ నోటిమాట నమ్మి ఊరుకున్నాం. కాగితం అలాగే కోర్టుకు పోయింది. సమన్లు పక్క ఊళ్లో అదే పేరున్న ఇంకొకాయనకు వెళ్లాయి. పాపం, ఆయన నాట్ల పని వదులుకుని వచ్చి కోర్టు వరండాలో నిలబడ్డాడు. ఇటు మీ చిన్నాయన హాజరు కాలేదని వారెంటు వచ్చింది. దాన్ని తీయించడానికి మేం తిరిగిన వాయిదాలు నాకింకా గుర్తే. ఆ రోజే రాతపూర్వకంగా అడిగి ఉంటే ఒక్క పూటలో అయిపోయేది.

కాబట్టి కాగితం స్టేషన్ దాటకముందే కదలాలి. పొద్దున పూటే వెళ్లు, సాయంత్రం అందరూ చెకింగ్ మీద ఉంటారు. ముందు స్టేషన్ రైటర్‌ను కలువు, కాగితాలన్నీ ఆయన చేతిలోనే ఉంటాయి. ఎస్సై గారి పేర దరఖాస్తు రాయి. ఫలానా తేదీన, ఫలానా చోట నా బండి ఆపారు, రసీదులో నంబరు ఇలా ఉంది, ఆర్‌సీలో ఇలా ఉంది, తండ్రి పేరు ఇలా ఉండాలి, సరిచేయగలరు అని. అంతే. తప్పు ఎవరిది, ఎందుకు ఆపారు అనే ముచ్చట అందులో వద్దు. ఆర్‌సీ, లైసెన్సు, ఆధార్ జిరాక్సులు జత చేయి, అసలువి చూపించు గానీ ఇచ్చి రాకు. రెండు కాపీలు తీసుకెళ్లి, రెండోదాని మీద ముట్టినట్టు సంతకం, తేదీ, స్టేషన్ ముద్ర వేయించుకో. దరఖాస్తు తీసుకోకపోతే గొడవ పడకు. స్పీడ్ పోస్టులో పంపి, చేరినట్టు రుజువు దగ్గర పెట్టుకో, ఒక కాపీ డీఎస్పీ గారికి పంపు.

కేసు ఇప్పటికే కోర్టుకు పోయి ఉంటే ఇక ఎస్సై చేతిలో ఉండదు, జడ్జి గారి ముందే చెప్పుకోవాలి. ఉచిత న్యాయ సహాయానికి 15100 నంబరుంది.

డబ్బు సంగతి కూడా చూసుకో. ఈ-చలాన్ సైట్‌లో నీ బండి నంబరు టీజీతో ఒకసారి, టీఎస్‌తో ఒకసారి కొట్టి చూడు. చలాన్ టీఎస్ నంబరు మీద ఉంటే తొందరపడి కట్టకు. ఆ డబ్బు ఆ నంబరుకే జమవుతుంది, నీది అలాగే ఉంటుంది. సరిచేసిన తర్వాత మాత్రం రూపాయి ఎగ్గొట్టకుండా కట్టు. కాగితాలు లేకుండా బండి తీయడం నీ తప్పే బిడ్డా, దాన్ని దీనితో కలపకు. ఫోన్‌లో డిజీలాకర్ పెట్టుకుని ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు, అందులోని ఆర్‌సీ, లైసెన్సు చట్టప్రకారం చెల్లుతాయి. ఈ రాత్రే పెట్టుకో.

మిషన్‌లో వచ్చిన రసీదు ఏదైనా ఇస్తే వెంటనే జిరాక్స్ తీయించు, ఆ అక్షరాలు కొన్ని నెలలకే మాసిపోతాయి. బండి విడిపించేటప్పుడు వాళ్లు సంతకం చేయమనే కాగితంలో నంబరు, ఛాసిస్ నంబరు ఆర్‌సీతో అంకె అంకె సరిచూశాకే సంతకం పెట్టు. వెనక నలుగురు నిలబడి ఉన్నా సరే, చదివే పెట్టు.

ఆదివారం ఆర్‌సీ తీసుకుని ఇంటికి రా. దరఖాస్తు కూర్చుని రాద్దాం. సోమవారం పొద్దున నేనూ నీతో స్టేషన్‌కు వస్తాను.

మీ పెద్దనాయన