బీకాం చదివిన అమ్మాయి, నో-కోడ్ ఆటోమేషన్, 60 వేల ఫీజు

ప్రశ్న: నమస్కారమండీ. మాది గాజువాక. మా అమ్మాయి బీకాం కంప్యూటర్స్ చదివి, రెండేళ్లుగా పోర్టు పక్కన ఒక కస్టమ్స్ బ్రోకర్ ఆఫీసులో ఇంపోర్ట్ డాక్యుమెంటేషన్ చూస్తోంది. ఈ మధ్య ‘నో-కోడ్ ఆటోమేషన్’ నేర్చుకుంటానని పట్టుబట్టింది. ఉద్యోగం మానేసి మూడు నెలల కోర్సులో చేరుతుందట. ఫీజు 60 వేలు. కోడింగ్ రాకపోయినా ఐటీ ఉద్యోగం గ్యారంటీ అని ఆ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు చెబుతున్నారు. మా బావమరిదేమో ఫుల్ స్టాక్ కోడింగ్ కోర్సు చేయించమంటాడు. నాకు ఈ సంగతులు తెలియవు, రాత్రిళ్లు ఒకటే టెన్షన్. అసలు ఇలాంటి ఉద్యోగాలు ఉన్నాయా? చేర్పించమంటారా?

జవాబు: నేర్చుకోనివ్వండి. ఉద్యోగం మాత్రం మానొద్దని చెప్పండి. ఆ 60 వేలు ఇప్పుడు కట్టకండి.

ముందు అసలు ఇదేమిటో చెబుతాను. ఏ ఆఫీసులో చూసినా రోజూ ఒకే తీరులో చేసే పనులు బోలెడుంటాయి. మెయిల్‌లో వచ్చిన ఇన్‌వాయిస్‌ని ఫోల్డర్‌లో పెట్టడం, అందులోని వివరాలు షీట్‌లోకి ఎక్కించడం, మేనేజర్ ఓకే అన్నాక పార్టీకి, అంటే కస్టమర్‌కి, మెసేజ్ పెట్టడం, ఇలాంటివి. ‘ఇది జరిగితే అది చెయ్యి’ అని స్క్రీన్ మీద బాక్సులు కలుపుకుంటూ వెళ్తే ఈ పనులన్నీ వాటంతటవే జరిగేలా చేసే టూల్స్ ఉన్నాయి. అమెరికాలో 2011లో మొదలైన జేపియర్, ఆ తర్వాత వచ్చిన మేక్, ఎన్8ఎన్ అలాంటివే. మైక్రోసాఫ్ట్ 2016లో ఫ్లో పేరుతో తెచ్చినదాన్ని 2019లో పవర్ ఆటోమేట్‌గా మార్చింది. చెన్నై కంపెనీ జోహోకి జోహో ఫ్లో ఉంది. ఇవి ప్రోగ్రామర్ల కోసమే పెట్టినవి కావు. అకౌంట్స్, హెచ్‌ఆర్, ఆపరేషన్స్‌లో పనిచేసేవాళ్లు సొంతంగా వాడుకునేలా చేసినవి.

బాక్సులు కలపడం తెలివైన అమ్మాయికి కొన్ని వారాల్లో వచ్చేస్తుంది. అందుకే దానికొక్కదానికే ఎవరూ జీతం ఇవ్వరు. ఇప్పుడైతే ఏఐని అడిగినా ఆ బాక్సుల వరుస, అంటే ఫ్లో, గీసి చూపిస్తోంది. ఏ పనిని ఆటోమేట్ చేయాలి, అది ఎక్కడ తప్పుతుంది, తప్పితే ఎంత నష్టం అనేవి తెలిసినవాళ్లు మాత్రం దొరకరు. మీ అమ్మాయి రెండేళ్లుగా నేర్చుకుంటున్నది సరిగ్గా అదే. ఆ సంగతి బహుశా తనకే తెలియదు.

తన పనిలోంచే ఒక ఉదాహరణ చూద్దాం. దిగుమతి సరుకుకి ఓడ వచ్చే రోజుకు ముందు రోజు ముగిసేలోగా బిల్ ఆఫ్ ఎంట్రీ (కస్టమ్స్‌కి ఇచ్చే దిగుమతి పత్రం) వేయాలన్నది సాధారణ నిబంధన. ఆలస్యమైతే మొదటి మూడు రోజులు రోజుకు 5,000, ఆ తర్వాత రోజుకు 10,000 రూపాయల చొప్పున ఛార్జీ పడుతుంది. దీనికి తోడు, కంటైనర్‌ని ఉచితంగా ఉంచుకోవడానికి షిప్పింగ్ లైన్ ఇచ్చిన ఫ్రీ డేస్ దాటితే డిటెన్షన్, అంటే ఆలస్యపు ఛార్జీ, వేరే. చాలా ఆఫీసుల్లో ఈ తేదీలన్నీ ఒక సీనియర్ బుర్రలోనో, గోడ మీద క్యాలెండర్‌లోనో ఉంటాయి. ఆయన సెలవు పెట్టిన రోజు పార్టీ చేతి నుంచి డబ్బు పోతుంది, ఆఫీసుకి మాట పడుతుంది.

మీ అమ్మాయి జాబ్ నంబర్ (ఆఫీసుకి వచ్చే ఒక్కో సరుకు పనిని జాబ్ అంటారు), ఓడ పేరు, ఈటీఏ (ఓడ వస్తుందని అంచనా వేసిన తేదీ), బిల్ ఆఫ్ ఎంట్రీ నంబర్, ఫ్రీ డేస్ ముగిసే తేదీ అనే కాలమ్‌లతో ఒక షీట్ పెట్టుకుంటే చాలు. ఓడ రావడానికి మూడు రోజులే ఉండి, బిల్ ఆఫ్ ఎంట్రీ నంబర్ ఇంకా ఖాళీగా ఉన్న జాబ్‌లను రోజూ ఉదయం తొమ్మిదింటికి వెతికి, సంబంధిత ఎగ్జిక్యూటివ్‌కి, మేనేజర్‌కి మెయిల్ పంపే ఫ్లో ఒకటి కట్టొచ్చు. కట్టడానికి ఒక పూట పడుతుంది.

కట్టాక అసలు చదువు మొదలవుతుంది. షీట్ సెట్టింగ్స్ అమెరికా పద్ధతిలో ఉన్నాయనుకోండి. జూలై 3 అనుకుని 03/07 అని కొడితే అది మార్చి 7గా చదువుకుంటుంది. 13/07 అని కొడితే పదమూడో నెల లేదు కాబట్టి దాన్ని తేదీగానే గుర్తించదు. అంటే కొన్ని జాబ్‌లకు రిమైండర్ తప్పు రోజున వెళ్తుంది, మిగతావాటికి అసలు వెళ్లదు. స్క్రీన్ మీద మాత్రం అన్నీ చక్కగానే కనిపిస్తాయి. ఇంకొకటి, ఓడ ఈటీఏ మారుతూనే ఉంటుంది. షీట్‌లో పాత తేదీ ఉండిపోతే ఫ్లో నమ్మకంగా తప్పు చెబుతుంది. కాబట్టి ఈటీఏని రోజూ ఎవరు సరిచూడాలో కూడా తేల్చుకోవాలి. ఇది టూల్ చేసే పని కాదు, ఆఫీసులో నలుగురిని కూర్చోబెట్టి మాట్లాడే పని.

అన్నిటికంటే ప్రమాదం, ఫ్లో చప్పుడు చేయకుండా ఆగిపోవడం. పాస్‌వర్డ్ మారిందనో, కనెక్షన్ తెగిందనో అది ఆగితే, మెయిల్ రాలేదు కాబట్టి పెండింగ్ ఏమీ లేదని అందరూ హాయిగా ఉంటారు. పెండింగ్ ఏమీ లేని రోజు కూడా ‘ఈ రోజు పెండింగ్ సున్నా’ అని మెయిల్ వచ్చేలా పెట్టాలి. అప్పుడు మెయిల్ రాకపోతేనే అనుమానం వస్తుంది. ఇంటర్వ్యూలో ఈ ఒక్క విషయం తన అనుభవంగా చెప్పగలిగితే, సర్టిఫికెట్ చూపించిన పదిమంది కంటే తన మాట బరువుగా ఉంటుందని నా నమ్మకం.

దీనికి ఆఫీసులో పర్మిషన్ తప్పనిసరి. పార్టీల ఇన్‌వాయిస్‌లను తన సొంత మెయిల్‌తో తెరిచిన ఉచిత అకౌంట్లలోకి ఎక్కించకూడదు. అది వాళ్ల వ్యాపార రహస్యం. పైగా 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా వచ్చింది. కస్టమ్స్ వాళ్ల ఆన్‌లైన్ పోర్టల్ ఐస్‌గేట్ లాగిన్, డిజిటల్ సిగ్నేచర్ జోలికి అస్సలు పోవద్దు. కస్టమ్స్‌కి వెళ్లే ప్రతి కాగితాన్ని ఆఖరున మనిషే చూసి పంపాలి. ఫ్లో కూడా ఆఫీసు అకౌంట్‌లోనే ఉండాలి. సొంత లాగిన్‌తో కడితే, తను మానేసిన రోజు అది కూడా ఆగిపోతుంది.

ఇక ఉద్యోగాల సంగతి. ‘నో-కోడ్’ అనే పేరుతో విశాఖలో వెతికితే పెద్దగా కనిపించవు. బిజినెస్ అనలిస్ట్, ఆపరేషన్స్ అనలిస్ట్, ఎంఐఎస్ ఎగ్జిక్యూటివ్ (ఆఫీసు రిపోర్టులు తయారుచేసే పని), పవర్ ప్లాట్‌ఫామ్ డెవలపర్ (పవర్ ఆటోమేట్ లాంటి మైక్రోసాఫ్ట్ టూల్స్‌తో చేసే పని), ఆర్‌పీఏ డెవలపర్ (మనిషి స్క్రీన్ మీద చేసే పనిని సాఫ్ట్‌వేర్‌తో చేయించడం) అనే పేర్లతో వెతకాలి. వీటిలో ఎక్కువ భాగం హైదరాబాద్, బెంగళూరు కంపెనీలవి, కొన్ని ఇంటి నుంచి చేసేవి. మన ఊళ్లో అవసరం వేరే చోట ఉంది. రొయ్యల ఎగుమతిదారులు, పరవాడ ఫార్మా యూనిట్లు, లాజిస్టిక్స్ ఆఫీసులు, ఆసుపత్రులు, ఇలా ఎక్కడ చూసినా కాగితాల పని కొండలా ఉంది. అక్కడ ఆటోమేషన్ ఉద్యోగమని ప్రకటన ఇవ్వరు. లోపలున్న మనిషి చేసి చూపిస్తే ఆ మనిషి స్థాయి మారుతుంది. అందుకే ఉన్నచోటే మొదలుపెట్టమంటున్నాను.

ఫుల్ స్టాక్, అంటే వెబ్‌సైట్‌ని ముందు నుంచి వెనక దాకా కోడ్ రాసి కట్టడం, గురించి ఒక్క మాట. అమ్మాయికి కోడింగ్ మీద ఇష్టం ఉంటే అది మంచి దారే. బావమరిది చెప్పాడని మాత్రం వద్దు. అక్కడ తను బీటెక్ వాళ్లతో సున్నా నుంచి పోటీపడాలి, ఈ రెండేళ్ల అనుభవం పక్కకు పోతుంది. అలాగని నో-కోడ్ అంటే సాంకేతిక విషయాలు అక్కర్లేదని కూడా కాదు. ఎక్సెల్‌లో డేటాని శుభ్రం చేసి కలిపే పవర్ క్వెరీ బాగా రావాలి. కొంచెం ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ని ప్రశ్నలడిగే భాష), ఏపీఐ (ఒక సాఫ్ట్‌వేర్ ఇంకోదానితో మాట్లాడే దారి) అంటే ఏమిటి, అవి డేటా పంపుకునే జేసన్ అనే రూపాన్ని చూసి ఎలా చదవాలి అనేవి తెలియాలి. రోజుకో గంట కేటాయిస్తే ఆరు నెలల్లో ఇవన్నీ అందుకోవచ్చు.

డబ్బు కట్టకుండానే ఇదంతా కుదురుతుంది. మైక్రోసాఫ్ట్ లెర్న్‌లో పవర్ ఆటోమేట్ పాఠాలు ఉచితం. విండోస్ 11 ఉన్న కంప్యూటర్‌లో పవర్ ఆటోమేట్ డెస్క్‌టాప్ ముందే ఉంటుంది. ఆరు నెలలయ్యాక కూడా ఆసక్తి తగ్గకపోతే అప్పుడు కోర్సు గురించి ఆలోచించండి. ఆ ఇన్‌స్టిట్యూట్ వాళ్లను రెండు అడగండి. ‘గ్యారంటీ’ అన్న మాట కాగితం మీద రాసి, ఉద్యోగం రాకపోతే ఫీజు వెనక్కిస్తారా? కిందటి బ్యాచ్‌లో ఇంజినీరింగ్ చదవనివాళ్లు ఇప్పుడు ఎక్కడ, ఏ పోస్టులో ఉన్నారు, వాళ్లతో మా అమ్మాయిని ఫోన్‌లో మాట్లాడిస్తారా? ‘ముందు సీటు బ్లాక్ చేసుకోండి’ అంటే నమస్కారం పెట్టి వచ్చేయండి.

రిజైన్ మాట మాత్రం కొత్త ఆఫర్ లెటర్ చేతికొచ్చాకే. ఈ లోగా తను చేసిన ప్రతి ఫ్లోకీ ఒక పేజీ రాసి పెట్టుకోమనండి. ముందు ఆ పనికి ఎంతసేపు పట్టేది, ఇప్పుడెంత, మధ్యలో ఏం తప్పింది, ఎలా సరిచేసింది, అన్నీ పార్టీల పేర్లు లేకుండా. వచ్చే ఏడాది ఇంక్రిమెంట్ మాటల్లో తనకు చూపించడానికి ఆ పేజీలు ఉంటాయి. అక్కడ జీతం పెరగకపోతే అవే పేజీలతో బయట అప్లై చేయొచ్చు.