పసుపు అట్ట పుస్తకంతో జర్మనీ వెళ్లొచ్చా?

ప్రశ్న: మాది గజపతి జిల్లా, మోహన దగ్గర. నేను తెలుగుదాన్ని. మావారు చంద్రగిరి టిబెటన్ క్యాంపులో 1974లో పుట్టారు. మా అమ్మాయిది 2005 పుట్టుక, పర్లాకిమిడిలో బీటెక్ ఆఖరి ఏడాది. వచ్చే ఏడాది అక్టోబరులో జర్మనీలో ఎంఎస్‌లో చేరతానంటోంది. దానికి పాస్‌పోర్టు లేదు, టిబెటన్లకు పాస్‌పోర్టు బదులు మన ప్రభుత్వం ఇచ్చే పసుపు అట్ట పుస్తకం, ఐసీ (ఐడెంటిటీ సర్టిఫికెట్) ఉంది. బ్రహ్మపురంలో ఒక ఏజెంటు ‘శరణార్థుల పుస్తకానికి యూరప్‌లో వీసాయే అక్కర్లేదు’ అన్నాడు. ఇంకొకాయన ‘దాని మీద ఎవరూ వీసా వెయ్యరు’ అన్నాడు. ఎవరి మాట నమ్మమంటారు?

జవాబు: ఇద్దరి మాటా నమ్మకండమ్మా.

మొదటాయన సగం విన్నాడు. 1951 శరణార్థుల ఒప్పందంలో చేరిన దేశాలు శరణార్థులకు ఒక ప్రయాణ పత్రం ఇస్తాయి. దాని అట్ట మీద ఎడమవైపు పైమూలన రెండు గీతలు ఉంటాయి. కొన్ని యూరప్ దేశాలు 1959లో ఇంకో ఒప్పందం చేసుకుని, తమలో తాము ఇచ్చుకున్న ఆ పత్రాలతో మూడు నెలల లోపు వచ్చిపోయేవాళ్లకు వీసా తీసేశాయి. భారతదేశం 1951 ఒప్పందం మీద సంతకం పెట్టలేదు. కాబట్టి మన ప్రభుత్వం ఇచ్చే ఐసీ ఆ జాతి పత్రం కాదు. అయినా మీ అమ్మాయి వెళ్లేది చుట్టపుచూపుకి కాదు కదా, చదువుకి. వీసా తీసుకోవాల్సిందే.

రెండో ఆయనదీ తప్పే. ఐసీ చేతబట్టుకుని అమెరికా, కెనడా, యూరప్ వెళ్లిన టిబెటన్లు ఎంతోమంది ఉన్నారు. కాకపోతే పాస్‌పోర్టు వాళ్లకు లేని నాలుగు చికాకులు ఉంటాయి. షెంజెన్ దేశాల్లో (జర్మనీతో సహా ఒకే వీసా నడిచే యూరప్ దేశాలు) ఏ పత్రాన్ని గుర్తించాలో ఏ దేశానికి ఆ దేశమే తేల్చుకుంటుంది. గుర్తిస్తే వీసా స్టిక్కరు పుస్తకంలోనే అంటిస్తారు, లేకపోతే విడి కాగితం మీద ఇస్తారు. అందుకే ఫీజులు కట్టకముందే ఐసీ మొదటి పేజీ స్కాన్ చేసి కోల్‌కతాలోని జర్మన్ కాన్సులేట్‌కు మెయిల్ పెట్టి అడగండి. ఒడిశా వాళ్లకు అదే. జవాబు ప్రింటు తీసి ఫైల్లో పెట్టుకోండి. బ్లాక్డ్ అకౌంట్‌లో (అక్కడి ఖర్చులకు ముందే డబ్బు వేసి చూపే ఖాతా) ఏడాదికి 11,904 యూరోలు, ఏపీఎస్ సర్టిఫికెట్ (మన చదువు పత్రాలు సరైనవేనని ఇచ్చేది) ఎలాగూ అందరికీ ఉన్నవే.

ఫారంలో జాతీయత గడి దగ్గర చాలామంది తడబడతారు. ‘ఇండియన్’ అని రాసేసి ఐసీ జతచేస్తే అక్కడే ఇరుక్కుంటారు. పుస్తకంలో ఏముందో అదే రాయాలి. పేరు కూడా చూడండి. టిబెటన్ పేర్లకు ఇంటిపేరు ఉండదు, బడిలో మాత్రం ఎవరో ఒకరు మీ పుట్టింటి పేరు తగిలించి ఉంటారు! మార్కుల జాబితాలో ఒకలా, ఐసీలో ఒకలా ఉంటే ఇప్పుడే సరిచేయించండి.

వీసా వచ్చాక కూడా ఇక్కడి నుంచి కదలడానికి ఎగ్జిట్ పర్మిట్, తిరిగి రావడానికి రిటర్న్ వీసా కావాలి. రెండూ ఎఫ్ఆర్ఆర్ఓ (విదేశీయుల నమోదు ఆఫీసు) ఆన్‌లైన్ పోర్టల్‌లోనే. విమానం కూడా చవగ్గా వస్తుందని రెండు దేశాలు దిగి ఎక్కేది కొనకండి. మధ్యలో దిగే దేశం ఈ పత్రాన్ని ఒప్పుకోకపోతే ఎయిర్‌లైన్ కౌంటర్లోనే ఆపేస్తారు. ఢిల్లీ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు నేరుగా వెళ్లేది నాలుగు వేలు ఎక్కువైనా అదే మేలు.

ఇంతకీ మీరు అడగని ప్రశ్నే నాకు పెద్దదిగా కనిపిస్తోంది. మీ అమ్మాయికి అసలు ఐసీ ఎందుకు?

పౌరసత్వ చట్టం మూడో సెక్షన్ ప్రకారం 1950 జనవరి 26 నుంచి 1987 జులై 1 లోపు భారతదేశంలో పుట్టినవాళ్లు పుట్టుకతోనే భారతీయులు. తల్లిదండ్రులు ఎవరైనా సరే. 2010లో ఢిల్లీ హైకోర్టు ఒక టిబెటన్ యువతి విషయంలో ఇదే చెప్పింది, 2016లో మళ్లీ చెప్పింది. 2017లో విదేశాంగ శాఖ ఇలాంటివాళ్లకు పాస్‌పోర్టులు ఇమ్మని ఆదేశించింది కూడా. చంద్రగిరి క్యాంపు మొదలైంది 1963లో, మీవారు పుట్టింది 1974లో. అంటే ఆయన భారతీయుడు. మీరూ భారతీయులే. 2004 డిసెంబరు తర్వాత పుట్టినవాళ్లకు తల్లిదండ్రులిద్దరూ పౌరులైతే చాలు. మీ అమ్మాయి కూడా భారతీయురాలే!

చిక్కు రుజువు దగ్గర. ఆ రోజుల్లో క్యాంపులో పుట్టినవాళ్ల పేర్లు చాలావరకు రిజిస్టరుకు ఎక్కలేదు. ఏడాది దాటిన పుట్టుకను నమోదు చేయించాలంటే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. మీవారు క్యాంపు బడిలో చదివి ఉంటే ఆ అడ్మిషన్ రిజిస్టరు నకలు, ఆయన పాత ఆర్‌సీ (టిబెటన్లకిచ్చే రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్) తీసుకుని ముందు పర్లాకిమిడి సబ్-కలెక్టర్ ఆఫీసులో కనుక్కోండి.

ఒక్కటి మాత్రం ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాలి. పాస్‌పోర్టు కావాలంటే ఆర్‌సీ, ఐసీ తిరిగి ఇచ్చెయ్యాలి. క్యాంపులో ఉండకూడదని, టిబెటన్ పరిపాలన ఇచ్చే సాయాలు తీసుకోకూడదని కూడా 2017లో షరతులు పెట్టారు. మీ ఇల్లు, మొక్కజొన్న చేను క్యాంపు భూమిలో ఉంటే తొందరపడకండి. వకీలుకు చూపించండి. అత్తగారి మాటా వినండి, ఆమెకు ఆ ఆర్‌సీ అంటే ఉత్త కాగితం కాకపోవచ్చు.

నా లెక్క ఇది. మీవారి పుట్టిన సర్టిఫికెట్ దసరాలోపు చేతికొస్తే పాస్‌పోర్టు దారి పట్టండి. రాకపోతే టెన్షన్ పడకుండా ఐసీతోనే వీసాకు పెట్టండి, సర్టిఫికెట్ పని మాత్రం ఆపకండి. ఎటూ తేలకముందే ఐసీ తిరిగి ఇచ్చేశారో, అక్టోబరు సీటుకు ఏ పుస్తకమూ చేతిలో ఉండదు.