అవుటైనా ఆట చూస్తూ కూర్చో

బిడ్డా,

మొన్న ఆదివారం మీ నాయిన ఫోన్ చేశాడు. పత్తి ధర, నానమ్మ మోకాళ్ల నొప్పులు, ఇంటి ముందు తవ్వి వదిలేసిన రోడ్డు, ఇవన్నీ అయ్యాక అసలు సంగతి బయటపెట్టాడు. "అక్కా, పోరి కబడ్డీ బంద్ పెడ్తనంటున్నది. ఈఏపీసెట్ ఉన్నది కదా, నేను గూడ సరే అనుకుంటున్న. నువ్వేమంటవ్?" నేనేమీ అనలేదు, దానితోనే మాట్లాడతానన్నాను. ఫోన్ చేస్తే నువ్వు "ఆఁ అత్తమ్మా, సరే అత్తమ్మా" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నాను. పొడుగైతది, రెండు మూడు తాపలుగా చదువుకో.

నిన్ను బలవంతంగా ఆడించాలని కాదు. నేను ఆడింది నాలుగేళ్లు, బ్యాంకులో పనిచేసింది దగ్గరదగ్గర ముప్పై ఏళ్లు. ఆ నాలుగేళ్లు ఈ ముప్పై ఏళ్లలో ఎక్కడెక్కడ పనికొచ్చాయో, ఎక్కడ ఎందుకూ పనికిరాలేదో చెప్తాను. తర్వాత నీ ఇష్టం.

మేమాడిన రోజుల్లో మ్యాట్లు లేవు, మట్టి కోర్టే. డిగ్రీలో చేరి హనుమకొండ హాస్టల్లో ఉండేదాన్ని. లెఫ్ట్ కార్నర్ నాది. ఊరికి పోతే "లాగులేసుకొని ఎగురుతదట" అని వాడకట్టంతా నవ్వేది. మీ తాత ఒక్క మ్యాచ్‌కీ రాలేదు, కానీ ఇంటికి రాగానే "గెలిచిండ్రా?" అని మాత్రం అడిగేవాడు. కార్నర్‌లో నిలబడేవాళ్లకు మా సార్ పట్టు కంటే ముందు ఆగడం నేర్పాడు. కూతకొచ్చిన పిల్ల కాలు నీ ముందు జానెడు దూరంలో ఆడిస్తుంది, నువ్వు తొందరపడి దూకితే ఎగిరి మీద నుంచి పోతుంది, ఆలస్యం చేస్తే తాకి పోతుంది. మొహం చూడకండి, అది అబద్ధాలాడుతుంది, నడుము ఎటు తిరిగితే మనిషి అటే పోతుంది, నడుము చూడండి అనేవాడు. నెలంతా అదే ప్రాక్టీసు. ఒక్క పట్టు లేదు, ఊరికే చూడడమే. నాకు విసుగొచ్చి ఏడుపొచ్చేది.

పదిహేనేళ్ల తర్వాత ఒక బ్రాంచిలో కౌంటర్ ముందు ఒక రైతు బల్ల గుద్ది మరీ కొట్లాడుతున్నాడు. తోటి ఉద్యోగులు ఇద్దరు లేచి నిలబడ్డారు, గార్డును పిలుద్దామని. నేను ఆయన గొంతు పట్టించుకోకుండా చెయ్యి చూశాను. పాస్‌బుక్ నాలుగు మడతలు పెట్టి పిడికిట్లో బిగించి ఉంది. కొట్టడానికొచ్చిన మనిషి పాస్‌బుక్‌ను అంత జాగ్రత్తగా పట్టుకోడు. "కాక, ఆ బుక్ ఇయ్యి, కూసో" అన్నాను. పంట లోను రెన్యువల్‌లో ఆయన సర్వే నంబరు తప్పుపడింది, అందుకు మూడుసార్లు తిప్పారట. పది నిమిషాల పని. ఇది నాకు ఏ ట్రైనింగ్‌లోనూ చెప్పలేదు.

ఇక ఓడిపోవడం. మగపిల్లలు చిన్నప్పటి నుంచి గల్లీ క్రికెట్‌లో రోజుకు నాలుగుసార్లు ఓడిపోయి, తిట్లు తిని, మళ్లీ సాయంత్రం అదే గల్లీకి వస్తారు. మనకు ఆ అలవాటు ఉండదు. ఆడపిల్ల అన్నీ సక్కగ చేయాలి, చేయలేనిది ముట్టుకోవద్దు, నలుగురి ముందు నవ్వులపాలు కావద్దు. మార్కుల్లో ఫస్టొచ్చే పిల్లలకు ఇది ఇంకా ఎక్కువ. మా బ్యాంకులో నాకంటే తెలివైన ఆడవాళ్లు ప్రమోషన్ ఇంటర్వ్యూలో ఒకసారి పోతే ఇంక అప్లై చేయలేదు. నేను మూడుసార్లు పోయాను. రాత్రంతా ఏడ్చి, పొద్దున్నే టిఫిన్ డబ్బా కట్టుకొని పోయేదాన్ని. ధైర్యమేం కాదది. యూనివర్సిటీ పోటీల్లో మమ్మల్ని ఇరవై పాయింట్ల తేడాతో ఓడించిన జట్టుతోనే కలిసి భోజనం లైన్లో నిలబడ్డాను కాబట్టి, ఓడిన తెల్లారి కూడా తెల్లారుతుందని ఒంటికి తెలుసు, అంతే.

నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్‌ను చూడు. 2017లో భుజం దెబ్బతిని చాలా నెలలు రింగ్‌కు దూరమైంది. 2019లో ఒలింపిక్ క్వాలిఫయర్స్‌కు నాకూ ట్రయల్ పెట్టండని మేరీ కోమ్ అంతటి మనిషికి ఎదురుగా నిలబడి అడిగింది, దేశమంతా చూస్తుండగా 9-1తో ఓడిపోయింది. అడగకపోతే ఆ పరువు మిగిలేది కదా అన్నవాళ్లున్నారు. 2022 మేలో ఇస్తాంబుల్‌లో ప్రపంచ చాంపియన్ అయింది, 2023లో మళ్లీ అయింది. పారిస్ ఒలింపిక్స్‌లో పతకం రాకుండానే తిరిగొచ్చింది, ఇప్పుడు డీఎస్పీ. మనం నిఖత్‌లం కాము, నేనసలే కాను. అడిగి ఓడిపోవడం ఒక విద్య, దాన్ని పదిహేడేళ్లకు నేర్చుకోవడం ముప్పై ఏడేళ్లకు నేర్చుకోవడం కంటే తేలిక.

అసలు నేను చెప్పదలుచుకున్నది ఇంకోటి. కబడ్డీలో అవుటైతే ఏం చేస్తావు? బయట గీత పక్కన, వచ్చిన వరుసలో కూర్చుంటావు. ఊర్లో మేము సచ్చింది, లేసింది అనేవాళ్లం. నీ జట్టు అవతలివాళ్లలో ఒకరిని అవుట్ చేస్తే నువ్వు లేస్తావు. ఎప్పుడు లేస్తావో తెలియదు, అందుకే కూర్చున్నా కళ్లు కోర్టు మీదే ఉండాలి, ఎవరు అలసిపోయారు, ఎవరు ఎడమవైపే తిరుగుతున్నారు అని చూస్తుండాలి. సచ్చింది కదా అని ముచ్చట్లు పెట్టే పిల్లను మా సార్ లేచాక కూడా కోర్టులోకి పోనిచ్చేవాడు కాదు.

ఆడవాళ్ల ఉద్యోగం అచ్చం ఇట్లనే ఉంటుంది బిడ్డా. పెళ్లి, కాన్పు, అత్తామామల జబ్బులు, పిల్లల పదో తరగతి, ఏదో ఒకదానికి నువ్వు బయటికొచ్చి కూర్చుంటావు. నేను క్లర్క్ నుంచి ఆఫీసర్ ప్రమోషన్ రెండుసార్లు వద్దని రాసిచ్చాను, ట్రాన్స్‌ఫర్ వస్తే పిల్లలు ఆగమవుతారని. ఆ ఏడేళ్లు నేను ఇంక అయిపోయాననే అందరూ అనుకున్నారు. కానీ నేను గీత పక్కనే కూర్చున్నాను. బ్యాంకు ఉద్యోగులు రాసే పరీక్షలు, జేఏఐఐబీ రాశాను, సీఏఐఐబీ రాశాను, సాయంత్రం అరగంట ఎక్కువుండి లోన్ ఫైళ్లు ఎట్లా కడతారో చూసేదాన్ని. 2009లో మళ్లీ అవకాశం వచ్చినప్పుడు మంచిర్యాల పోయాను, పోయిన మొదటి వారమే ఫైళ్లు పట్టుకున్నాను. అక్కడ అందరూ కొత్త మేడం అనుకున్నారు, నేనేమో ఏడేళ్లుగా ఆట చూస్తూనే ఉన్నాను.

ఇంకో సంగతి. నువ్వు లేవాలంటే పాయింట్ తెచ్చేది వేరేవాళ్లే. నాకు మా అత్తగారు తెచ్చారు, పిల్లల్ని రెండేళ్లు చూసుకొని. ఇంకొకామె, నా తోటి క్లర్క్, రేపే ఆఖరు తేదీ అని రాత్రి తొమ్మిదింటికి ఇంటికొచ్చి ఫారం నింపించింది. బోనస్ పాయింట్‌తో ఎవరూ లేవరని నీకు తెలుసు కదా, స్కోరు పెరుగుతుంది అంతే. "మేడం, ఇల్లూ ఆఫీసూ ఎంత బాగ చూసుకుంటరో" అనే పొగడ్తలు బోనస్ పాయింట్లు. సంతోషంగా తీసుకో, వాటి మీద ఆశ పెట్టుకోకు. ఈ రోజు నీ జట్టులో ఉన్న ఆ పదకొండు మంది పిల్లల నంబర్లు మాత్రం పోగొట్టుకోకు.

హనుమకొండలో మన జేఎన్ఎస్, అదే నెహ్రూ స్టేడియం, ఆ సింథటిక్ ట్రాక్ మీదే 2021 సెప్టెంబర్‌లో హర్మిలన్ బైన్స్ 1500 మీటర్లు 4 నిమిషాల 5.39 సెకన్లలో పరుగెత్తి, సునీతా రాణి పేరు మీద 2002 నుంచి ఉన్న జాతీయ రికార్డును దాటింది. ఆ రికార్డు బుసాన్ ఏషియన్ గేమ్స్‌ది. అవే గేమ్స్‌లో 800 మీటర్ల వెండి పతకం తెచ్చిన మాధురీ సింగ్ ఎవరో తెలుసా? హర్మిలన్ వాళ్లమ్మే. అప్పటికి పిల్లకు నాలుగేళ్లు. బయట కూర్చొని లేచిన మనిషి అంటే నాకు ఆమే గుర్తొస్తుంది.

మా అమ్మాయి ఒక సర్వే పంపింది. నాలుగు వందల మంది పెద్ద పదవుల్లో ఉన్న ఆడవాళ్లను అడిగితే 94 శాతం మంది ఏదో ఒక ఆట ఆడినవాళ్లేనట, ఈవై కంపెనీవాళ్లు చేశారు. నాకు అది పెద్దగా ఎక్కలేదు. డబ్బున్న ఇంటి పిల్లలే ఆడతారు, వాళ్లే పైకొస్తారు, అందులో ఆట గొప్పేముంది? నన్ను ఆపింది ఇంకో పరిశోధన. అమెరికాలో 1972లో టైటిల్ నైన్ అనే చట్టం వచ్చి, బడుల్లో ఆడపిల్లలకూ మగపిల్లలతో సమానంగా ఆటల అవకాశం ఇవ్వాల్సి వచ్చింది. అంతకుముందు హైస్కూల్లో ఆడే అమ్మాయిలు మూడు లక్షలు కూడా లేరు, ఇప్పుడు ముప్పై లక్షలు దాటారు. బెట్సీ స్టీవెన్సన్ అనే ఆర్థికవేత్త రాష్ట్రాలను పోల్చి చూసింది. చట్టం వల్ల అమ్మాయిల ఆటలు ఎక్కువ పెరగాల్సి వచ్చిన చోట, కాలేజీకి పోయే అమ్మాయిలూ ఉద్యోగాలకు పోయే ఆడవాళ్లూ కూడా ఎక్కువ పెరిగారు. చురుకైన పిల్లలే ఆడతారులే అనే మాట అక్కడ నిలబడదు, ఎందుకంటే అక్కడ మారింది చట్టం, పిల్లలు కాదు. ఆమె లెక్కల్లోనూ పెరిగింది కొంచెమే. నాకు ఆ కొంచెం నచ్చింది.

ఇప్పుడు పనికొచ్చే మాటలు. స్పోర్ట్స్ కోటా ఉంది, మన రాష్ట్ర ఉద్యోగాల్లో 2 శాతం, కానీ దాన్ని నమ్ముకొని చదువు వదలకు. నేను డిగ్రీ అయ్యాక ఒక ఆఫీసుకు అప్లై చేస్తే, సర్టిఫికెట్ మీద సంతకం వాళ్లడిగిన ఫార్మాట్‌లో లేదని తిప్పి పంపారు. సంతకం పెట్టాల్సినాయన అప్పటికే ఊరు మారిపోయాడు. ఆ ఉద్యోగం పోయింది, తర్వాత పరీక్ష రాసి బ్యాంకులో చేరాను. కాబట్టి టోర్నమెంట్ అయిన వారంలోనే సర్టిఫికెట్ తెచ్చుకో, పేరు ఎస్సెస్సీ మెమోలో ఉన్నట్టే ఉందో లేదో చూడు, మూడు జిరాక్సులు తీసి ఒకటి నా దగ్గర పెట్టు.

ఈ సంవత్సరం టోర్నమెంట్లు వద్దు, ఆ మాటలో మీ నాయినతో నేనూ ఉన్నాను. కానీ వారానికి మూడు రోజులు, ముప్పావుగంట, గ్రౌండ్‌కు పో. మోకాలు జాగ్రత్త, మోకాలి లోపలి లిగమెంట్, ఏసీఎల్ అంటారు, అది తెగే ప్రమాదం ఆడపిల్లలకే ఎక్కువ, దూకి దిగేటప్పుడు మోకాళ్లు లోపలికి వాలకుండా దిగడం మీ సార్‌ను అడిగి నేర్చుకో. నా కుడి మోకాలు ఇప్పటికీ వానాకాలం ముందే చెప్తుంది. రక్తం పరీక్ష చేయించు, మన దగ్గర సగానికి పైగా ఆడవాళ్లకు రక్తం తక్కువ, ఊరికే అలసటొస్తే బద్ధకం అనుకొని నిన్ను నువ్వు తిట్టుకోకు. పల్లీలు, బెల్లం, ఆకుకూర, గుడ్డు తిను, పౌడర్ డబ్బాలకు పైసలు తగలేయకు. ఎవరైనా, సార్ అయినా సరే, చెయ్యి వేసే తీరు నచ్చకపోతే ఆ రోజే నాకు ఫోన్ చెయ్, రాత్రి రెండైనా సరే. దేశానికి పతకాలు తెచ్చిన రెజ్లర్లే 2023లో ఇట్లాంటి వేధింపుల మీదే ఢిల్లీలో జంతర్ మంతర్ దగ్గర ధర్నాకు కూర్చోవాల్సి వచ్చింది, నువ్వు ఒక్కదానివే మింగుకొని కూర్చోవద్దు.

వాడకట్టు మాటల గురించి ఎక్కువ రాయను. పర్వతగిరి మండలం కల్లెడ ఇక్కడికెంత దూరం? ఆ ఊరి దీప్తి జీవాంజిని చిన్నప్పుడు ఎన్ని మాటలన్నారో పేపర్లో చదివే ఉంటావు. 2024లో పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్లు 55.82 సెకన్లలో పరుగెత్తి కంచు పతకం తెచ్చాక అందరికీ మనూరి బిడ్డే. ఇక నా పెళ్లిచూపులప్పుడు, గడ్డం కింద మచ్చను మెట్ల మీద పడితే అయిందని చెప్పమన్నారు. నేను కబడ్డీలో అయిందనే చెప్పాను. రెండు సంబంధాలు పోయాయి. మూడో ఆయన ఏ పొజిషన్ అని అడిగాడు. ఆయనే మీ మామయ్య.

ఆదివారం పొద్దున ఆరున్నరకు జేఎన్ఎస్ గేటు దగ్గర ఉంటాను. షూస్ తెచ్చుకో. నేను నడుస్తాను, నువ్వు ఉరుకు. మీ నాయిన బండి మీద దింపేసి పోతానంటాడు, పోనియ్యకు, ఆయనకు షుగర్ బార్డర్లో ఉంది, ఆయన్ను కూడా రెండు రౌండ్లు నడిపిద్దాం.

మీ అత్తమ్మ